పదాలు పన్నెండూ ఉన్నాయి, బ్యాలెన్స్ మాత్రం సున్నా

2024 జులై 18న వజీర్‌ఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజ్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టో దొంగల పాలైంది. ఎక్స్ఛేంజ్‌లో ఉంచొద్దు, సొంత వాలెట్‌లోకి తెచ్చుకో అన్న సలహా అప్పటి నుంచి హైదరాబాద్‌లోనూ గట్టిగా వినపడుతోంది. సలహా మంచిదే. తెచ్చుకున్నాక ఏం చేయాలో మాత్రం పూర్తిగా చెప్పేవాళ్లు తక్కువ. వాలెట్‌ను తిరిగి తెరిచే పన్నెండు పదాలు (వీటినే సీడ్ అంటారు) కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోమంటారు, అక్కడితో వదిలేస్తారు. ఆ కాగితం చెక్కుచెదరకుండా ఉండి కూడా డబ్బు కనపడకపోవడానికి అరడజను కారణాలున్నాయి. పదాల నుంచి మీ క్రిప్టో ఉన్న అడ్రసుల దాకా వెళ్లే దారిని కూడా రాసిపెట్టుకుంటేనే అది బ్యాకప్ అవుతుంది. ఈ పోస్టులో ఎక్కువ భాగం ఆ దారి గురించే.

ముందు పదాల సంగతి. ఇప్పటి వాలెట్లలో చాలావరకు వాడేది బిప్-39 పద్ధతి. ఇందులో 2,048 ఇంగ్లిష్ పదాల జాబితా ఉంటుంది. వాలెట్ 128 బిట్ల ర్యాండమ్ నంబర్ ఒకటి పుట్టించి, దానికి 4 బిట్ల చెక్‌సమ్ తగిలించి, ఆ 132 బిట్లను పదకొండేసి చొప్పున 12 ముక్కలు చేస్తుంది. ఒక్కో ముక్కకు జాబితాలోని ఒక్కో పదం వస్తుంది. 24 పదాల సీడ్ అయితే 256 బిట్లు, చెక్‌సమ్ 8 బిట్లు. పదం తప్పు రాసుకుంటే వాలెట్ పట్టుకునేది ఈ చెక్‌సమ్ వల్లే. అయితే ప్రతిసారీ పట్టుకోలేదు. 12 పదాల సీడ్‌లో ఒక పదం తప్పయితే, దాదాపు పదహారింట ఒకసారి ఆ తప్పు ఒప్పుగానే చెల్లిపోతుంది. 24 పదాలకైతే 256కు ఒకసారి. అలా చెల్లినప్పుడు ఎర్రర్ ఏమీ రాదు, ఖాళీ వాలెట్ ఒకటి తెరుచుకుంటుంది.

లెడ్జర్, ట్రెజర్ లాంటి హార్డ్‌వేర్ వాలెట్ పరికరం పోయిందని కంగారు పడాల్సిన పని లేదు. లెడ్జర్‌లో పిన్ మూడుసార్లు తప్పు కొడితే, ట్రెజర్‌లో అంతకంటే ఎక్కువసార్లు తప్పు కొడితే అది తనలో ఉన్నదంతా చెరిపేసుకుంటుంది. కాయిన్లు బ్లాక్‌చెయిన్‌లోనే ఉంటాయి, పరికరంలో ఉండేవి తాళాలు మాత్రమే. పదాలు చేతిలో ఉంటే కొత్త పరికరం కొని ఎక్కించుకోవచ్చు.

సున్నా ఎందుకు చూపిస్తుంది

ఒకే సీడ్ నుంచి లెక్కలేనన్ని అడ్రసులు పుడతాయి. ఏ అడ్రసు ఏ దారిలో పుట్టిందో చెప్పేది డెరివేషన్ పాత్. బిట్‌కాయిన్‌లో 44తో మొదలయ్యే పాత్ అంకె 1తో మొదలయ్యే పాత అడ్రసులను ఇస్తుంది. 49 పాత్ ఇచ్చే అడ్రసులు 3తో మొదలవుతాయి, 84 పాత్‌వి బీసీ1క్యూతో, 86 పాత్‌వి బీసీ1పీతో. 2017లో 3తో మొదలయ్యే అడ్రసులో కొన్నవాళ్లు అదే సీడ్‌ను ఇవాళ్టి వాలెట్‌లో పెడితే, అది నేరుగా 84 పాత్ చూసి సున్నా చూపించవచ్చు. డబ్బు ఎక్కడికీ పోలేదు, వాలెట్ వేరే గదిలో వెతుకుతోంది. స్పారో, ఎలక్ట్రమ్ లాంటి వాలెట్లలో అడ్రసు రకాన్ని మనమే ఎంచుకోవచ్చు. స్పారోలో నాలుగూ ఒక్కొక్కటిగా చూస్తే చాలావరకు ఇక్కడే దొరుకుతుంది.

దొరికింది కానీ సగమే దొరికింది అంటే గ్యాప్ లిమిట్ అనుమానించండి. వరసగా 20 అడ్రసులు వాడకుండా ఉంటే చాలా వాలెట్లు ఇక ముందు ఏమీ లేదనుకుని వెతకడం ఆపేస్తాయి. అడ్రసులు ఎక్కువగా పుట్టించి కొన్నింటినే వాడినవాళ్లకు ఈ తంటా వస్తుంది. సెట్టింగ్స్‌లో ఆ 20ని 100 చేసి మళ్లీ స్కాన్ చేయించండి.

ఎథీరియంలో చిక్కు ఇంకా సూక్ష్మంగా ఉంటుంది. మెటామాస్క్ వాలెట్, లెడ్జర్ వాళ్ల యాప్ లెడ్జర్ లైవ్ (ఇప్పటి పేరు లెడ్జర్ వాలెట్) రెండూ మొదటి అకౌంట్‌కు ఒకే అడ్రసు ఇస్తాయి. రెండో అకౌంట్ నుంచి దారులు విడిపోతాయి: మెటామాస్క్ పాత్‌లోని చివరి అంకెను పెంచుతుంది, లెడ్జర్ లైవ్ మధ్యలో ఉన్న అకౌంట్ అంకెను పెంచుతుంది. అందుకే మొదటిది సరిపోయిందని నమ్మకం కుదిరినవాళ్లకు రెండో అకౌంట్ మాయమైనట్టు అనిపిస్తుంది. టోకెన్ల సంగతి వేరు. అడ్రసు సరైనదే అయినా, కొత్తగా పెట్టిన వాలెట్ కొన్ని టోకెన్లను మనం జోడించేదాకా చూపించదు. ఆ అడ్రసును ఎథీరియం లెక్కలు చూపించే ఈథర్‌స్కాన్ వెబ్‌సైట్‌లో వెతికితే అసలు ఉందో లేదో ఒక్క నిమిషంలో తేలిపోతుంది. టెథర్ టోకెన్‌ను టీఆర్‌సీ-20 మీద, అంటే ట్రాన్ నెట్‌వర్క్‌లో, తీసుకున్నవాళ్లు మాత్రం ట్రాన్ అడ్రసులో చూడాలి, దాని పాత్ నంబర్ 195. ఎథీరియం పాత్ 60. ఒకటి ఉన్నచోట రెండోది కనపడదు.

మెటామాస్క్ వాడేవాళ్లు తప్పనిసరిగా తెలుసుకోవాల్సిన సంగతి ఇంకొకటుంది. ప్రైవేట్ కీ (ఒక్క అడ్రసు తాళం) ఇచ్చి విడిగా ఇంపోర్ట్ చేసుకున్న అకౌంట్లు ఆ వాలెట్ పన్నెండు పదాల కిందకు రావు. ఫోన్ పాడై పదాలతో తెచ్చుకుంటే మిగతావన్నీ వస్తాయి, అవి రావు. అకౌంట్ పేరు పక్కన ఇంపోర్టెడ్ అని ఉంటే ఈరోజే అందులో ఉన్నదాన్ని సీడ్ కిందున్న అకౌంట్‌కు పంపేసుకోండి, లేదా ఆ కీని విడిగా రాసుకోండి.

ఎలక్ట్రమ్ పాతకాపులకు వేరే సమస్య. ఎలక్ట్రమ్ ఇచ్చే 12 పదాలు చూడ్డానికి బిప్-39 లాగే ఉంటాయి కానీ చెక్‌సమ్ పద్ధతి వేరు. వేరే వాలెట్‌లో పెడితే చాలావరకు సీడ్ చెల్లదంటుంది. అది తప్పు సీడ్ కాదు, దాన్ని ఎలక్ట్రమ్‌లో తెరవాలి. ట్రెజర్‌లో షమీర్ బ్యాకప్ (సీడ్‌ను వాటాలుగా పంచే పద్ధతి) ఎంచుకుంటే 20 లేదా 33 పదాలు వస్తాయి. అది స్లిప్-39, జాబితాలో 1,024 పదాలే ఉంటాయి, బిప్-39 మాత్రమే తెలిసిన వాలెట్ దాన్ని తీసుకోదు. పదాల సంఖ్య చూస్తేనే ఏ జాతిదో సగం తెలుస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది పాస్‌ఫ్రేజ్. సీడ్‌కు మనం అదనంగా జోడించుకునే రహస్యం ఇది. 25వ పదం అంటుంటారు, నిజానికి అది పదమే కానక్కర్లేదు, ఏదైనా రాయొచ్చు. పిన్ తప్పు కొడితే తప్పని చెబుతుంది. పాస్‌ఫ్రేజ్‌కు తప్పు అనేదే ఉండదు. ఏది కొట్టినా ఒక కొత్త వాలెట్ తెరుచుకుంటుంది, అది ఖాళీగా ఉంటుంది. పెద్ద అక్షరం, చిన్న అక్షరం, చివర్లో పొరపాటున పడిన స్పేస్, అన్నీ లెక్కలోకి వస్తాయి. ఫోన్ కీబోర్డు మొదటి అక్షరాన్ని తనంతట తాను పెద్దది చేసిన కేసులు కోకొల్లలు. తెలుగులో పాస్‌ఫ్రేజ్ పెట్టాలన్న ఆలోచన మానుకోండి, హార్డ్‌వేర్ వాలెట్ల మీద తెలుగు అక్షరాలు కొట్టే వీలుండదు. పాస్‌ఫ్రేజ్‌ను తలలో ఉంచుకుంటే చాలనుకోవడం కూడా సరికాదు. ఒక జ్వరం, ఒక యాక్సిడెంట్ చాలు. దాన్ని రాయాలి, సీడ్ ఉన్న చోట కాకుండా వేరే చోట ఉంచాలి.

రాసుకోవాల్సినవి

కాబట్టి పదాలతో పాటు ఒక చీటీ ఉండాలి. వాలెట్ పేరు, అది ఏ రకం సీడ్, అడ్రసు రకం లేదా పాత్, ఎన్ని అకౌంట్లు వాడారు, పాస్‌ఫ్రేజ్ ఉందా లేదా, మొదటి రిసీవింగ్ అడ్రసు, మాస్టర్ ఫింగర్‌ప్రింట్. ఈ ఫింగర్‌ప్రింట్ ఎనిమిది అక్షరాల చిన్న గుర్తు. స్పారో, ఎలక్ట్రమ్, బ్లూవాలెట్ దాన్ని చూపిస్తాయి. పాస్‌ఫ్రేజ్ మారితే ఇదీ మారుతుంది, అందుకే సరైన పాస్‌ఫ్రేజ్ కొట్టామా లేదా అని తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి సాధనం లేదు. ఈ చీటీ వేరొకరి చేతిలో పడితే డబ్బు పోదు. అందుకని సీడ్ అంత రహస్యంగా దాచక్కర్లేదు, రెండు మూడు చోట్ల ఉంచుకోవచ్చు.

పదాలను ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తోనే రాయాలి. ఎవరికీ అర్థం కాకూడదని తెలుగు లిపిలో రాసుకునేవాళ్లుంటారు. పీస్ అని రాస్తే శాంతా, ముక్కా? రైట్ అంటే సరైనదా, రాయడమా? ఈ నాలుగూ జాబితాలో ఉన్నాయి. ప్రతి పదానికీ ముందు అంకె వేయండి. రెండు కాలమ్స్‌లో రాస్తే, కిందికి చదవాలా అడ్డంగా చదవాలా అన్నది అంకె లేకపోతే ఐదేళ్ల తర్వాత గుర్తుండదు. జెల్ పెన్ను నీళ్లు తగిలితే కరుగుతుంది, పెన్సిల్ రాత కరగదు. జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించడం, ప్రింట్ తీయించడం, ఫొటో తీసుకోవడం మూడూ వద్దు. ఫోన్ గ్యాలరీలోని ఫొటోలను చదివి సీడ్ పదాలు ఏరుకునే స్పార్క్‌క్యాట్ అనే మాల్వేర్‌ను 2025 ఫిబ్రవరిలో కాస్పర్‌స్కీ బయటపెట్టింది. అది గూగుల్ ప్లేలో, యాపిల్ స్టోర్‌లో ఉన్న యాప్‌లలోనే దొరికింది.

కాగితానికి మన ఊళ్లో రెండు శత్రువులు, చెదలు, నీళ్లు. 2020 అక్టోబర్ 13, 14 తేదీల వానకు మూసీ పక్కన, చెరువుల కింద ఉన్న కాలనీల్లో గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లలోకి నీళ్లు ఎలా వచ్చాయో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. కాయితాలు సాధారణంగా బీరువా కింది అరలోనే ఉంటాయి. లక్ష రూపాయలు దాటిన వాలెట్‌కు స్టీలు వాడాలన్నది నా గట్టి అభిప్రాయం.

విదేశీ స్టీలు ప్లేట్లు తెప్పించుకోనక్కర్లేదు. రాణిగంజ్ హార్డ్‌వేర్ బజారులో లెటర్ పంచ్ సెట్ అడగండి. 27 ముక్కలుంటాయి, 26 అక్షరాలు, ఒక అండ్ గుర్తు. అంకెల సెట్ విడిగా వస్తుంది, తొమ్మిదే ముక్కలు, ఆరును తిప్పితే తొమ్మిది. 4 మిల్లీమీటర్ల అక్షరం చదవడానికి చాలు. 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ రేకు 2 మిల్లీమీటర్ల మందంతో పోస్ట్‌కార్డు సైజులో రెండు కోయించుకోండి. అల్యూమినియం మీద అక్షరం సులువుగా దిగుతుంది కానీ అది 660 డిగ్రీలకే కరిగిపోతుంది, 304 స్టీలు దాదాపు 1,400 దాకా తట్టుకుంటుంది. బిప్-39 జాబితాలో మొదటి నాలుగు అక్షరాలు ఒకటే ఉన్న పదాలు రెండు ఉండవు. కాబట్టి పదానికి నాలుగక్షరాలు కొడితే చాలు, 12 పదాలకు 48 దెబ్బలు. మూడక్షరాల పదమైతే నాలుగో చోటు ఖాళీగా వదలకుండా అడ్డగీత గీయండి, లేకపోతే అక్షరం అరిగిపోయిందేమోనని తర్వాత అనుమానం వస్తుంది.

కొట్టేటప్పుడు రేకు కింద ఇనుప దిమ్మ ఉండాలి. టైల్స్ మీద పెట్టి కొడితే టైల్ పగులుతుంది, చెక్క మీద పెడితే రేకు వంగుతుంది, అక్షరం దిగదు. పంచ్ నిటారుగా పట్టుకుని, బరువైన సుత్తితో ఒకే దెబ్బ వేయాలి. మెల్లగా రెండు మూడు దెబ్బలు వేస్తే పంచ్ కదిలి అక్షరం జోడుగా పడుతుంది. ముందు పాత రేకు మీద నాలుగైదు అక్షరాలు కొట్టి చేయి అలవాటు చేసుకోండి. కళ్లద్దాలు తప్పనిసరి. స్టీలు సామాన్ల కొట్లో గిన్నెల మీద పేర్లు చెక్కే మెషిన్ ఉంటుంది, అక్కడ చెక్కించుకుందామని మాత్రం అనుకోవద్దు. పదాలు మీరు తప్ప ఎవరూ చూడకూడదు.

ముక్కలు చేసి దాయడం

సీడ్‌ను సగానికి కోసి రెండు చోట్ల పెట్టడం చాలామందికి తెలివైన పనిగా తోస్తుంది. లెక్క చూడండి, బిట్లు ఎంత తగ్గితే దొంగ వెతకడం అంత సులువు. 12 పదాల్లో ఆరు దొంగకు దొరికితే మిగిలేది 62 బిట్ల వెతుకులాట మాత్రమే, అది మీరు కోరుకున్న భద్రత కాదు. మీ వైపు నుంచి చూస్తే, రెండు సగాల్లో ఏది పోయినా అంతా పోయినట్టే. మూడు కార్డుల పద్ధతిలో ప్రతి కార్డు మీదా మూడింట రెండొంతుల పదాలుంటాయి, ఏ రెండు కార్డులున్నా మొత్తం వచ్చేస్తుంది. 24 పదాల సీడ్‌కు ఇది ఫర్వాలేదు, ఒక కార్డు దొరికినవాడికి 80 బిట్లు మిగులుతాయి. 12 పదాలకైతే కార్డు మీద ఎనిమిది ఉంటాయి, తెలియనివి నాలుగే, అంటే 40 బిట్లు. 2020లో అలిస్టర్ మిల్న్ ఒక బిట్‌కాయిన్‌ను 12 పదాల వాలెట్‌లో పెట్టి పదాలను ఒక్కొక్కటిగా బయటపెడుతూ పోయారు. ఎనిమిది పదాలు తెలియగానే జాన్ కాంట్రెల్ అద్దె గ్రాఫిక్ కార్డులతో మిగతా నాలుగింటినీ దాదాపు 30 గంటల్లో పట్టేశారు. 12 పదాలను ఎప్పుడూ ముక్కలు చేయొద్దు. పూర్తి సీడ్ ప్రతులు రెండు, పాస్‌ఫ్రేజ్ వేరుగా ఇంకో చోట. మామూలు కుటుంబానికి ఇంతకంటే అక్కర్లేదు.

రెండు ప్రతులూ ఒకే వరదకు దొరక్కూడదు. ఒకటి సిటీలో, రెండోది కరీంనగర్‌లోనో నల్లగొండలోనో సొంతూరి ఇంట్లో. బ్యాంకు లాకర్ మంచిదే, నామినీ పేరు పెట్టండి. లాకర్ విషయంలో బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల వరకేనని, అదీ బ్యాంకు నిర్లక్ష్యం, అగ్నిప్రమాదం, దొంగతనం లాంటివాటికేనని 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఆర్‌బీఐ నిబంధన. లాకరే ఏకైక ప్రతి కాకుండా చూసుకోండి.

మల్టీసిగ్ (ఒకటికి మించి సంతకాలు కావాల్సిన వాలెట్) వాడేవాళ్లకు ఒక్క మాట. మూడింట రెండు సంతకాల వాలెట్‌కు రెండు సీడ్లు ఉంటే చాలనుకుంటారు. తిరిగి కట్టడానికి మూడో దాని పబ్లిక్ కీ కూడా కావాలి. అది లేకపోతే అడ్రసులే పుట్టవు. ఈ పబ్లిక్ కీలన్నీ ఉండే వాలెట్ డిస్క్రిప్టర్ ఫైల్ నకలు ఒకటి ప్రతి సీడ్‌తో పాటూ ఉంచండి.

పరీక్ష

కొత్త వాలెట్‌లో ముందు చిన్న మొత్తం వేయండి. ఫింగర్‌ప్రింట్, మొదటి అడ్రసు రాసుకోండి. తర్వాత పరికరాన్ని పూర్తిగా చెరిపేయండి. జ్ఞాపకం నుంచి కాకుండా, స్టీలు రేకు మీద చూసి పదాలు ఎక్కించండి. రెండు గుర్తులూ కలవాలి, ఆ చిన్న మొత్తాన్ని బయటికి పంపగలగాలి. అప్పుడే అసలు డబ్బు తెండి. చెరపడానికి ధైర్యం చాలకపోతే లెడ్జర్‌లో రికవరీ చెక్ యాప్, ట్రెజర్‌లో చెక్ బ్యాకప్ ఉన్నాయి. అవి పదాలు సరిపోయాయా లేదా చెబుతాయి. పాస్‌ఫ్రేజ్ సంగతి మాత్రం తేల్చవు, దాన్ని ఫింగర్‌ప్రింట్‌తోనే చూసుకోవాలి.

పదం చెరిగిపోయి ఉంటే

భయపడకండి, లెక్క మీ వైపే ఉంది. 12 పదాల్లో ఏదో ఒకటి చదవరాకపోతే 2,048 అవకాశాలు, చెక్‌సమ్ దాటేవి సుమారు 128. 24 పదాల్లో అయితే సుమారు 8 మాత్రమే. చోటు తెలిసిన రెండు పదాలు పోతే 42 లక్షల అవకాశాలు, చెక్‌సమ్ తర్వాత రెండున్నర లక్షల పైచిలుకు, మామూలు ల్యాప్‌టాప్‌కు అదేమంత పెద్ద పని కాదు. రెండు పదాలు తారుమారయ్యాయనుకుంటే 12 పదాలకు 66 మార్పిడులే చూడాలి. వరస మొత్తం పోతే 12 పదాలకు దాదాపు 47.9 కోట్ల వరసలు, అదీ సాధ్యమే. 24 పదాల వరస పోతే ఆశ వదులుకోవాలి.

ఈ పనికి బీటీసీరికవర్ అనే ఓపెన్‌సోర్స్ ప్రోగ్రామ్ ఉంది. తెలిసిన పాత అడ్రసు ఒకటి ఇస్తే ఏ జవాబు సరైనదో అదే పోల్చి చెబుతుంది. చీటీ మీద మొదటి అడ్రసు రాయమన్నది ఇందుకే. ఇంటర్నెట్ పూర్తిగా తీసేసిన కంప్యూటర్‌లో, టెయిల్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి నడపండి. దొరికాక ఆ సీడ్‌ను మళ్లీ వాడొద్దు, కొత్త సీడ్ తయారు చేసి అంతా అక్కడికి మార్చండి.

పాత హార్డ్ డిస్క్‌లో బిట్‌కాయిన్ కోర్ వాలెట్ ప్రోగ్రామ్ తాళాలు దాచే వాలెట్.డాట్ ఫైల్ ఉందేమోనని అనుమానం ఉంటే ఆ కంప్యూటర్‌ను ఇక ఆన్ చేయకండి. డిస్క్ మొత్తానికి ఇమేజ్ తీసి, ఆ నకలు మీదే వెతకండి. డేటా రికవరీ కోసం సికింద్రాబాద్ సీటీసీలోని కంప్యూటర్ షాపుకో ఇంకో షాపుకో డిస్క్ ఇచ్చి రావడమంటే తాళాలు కూడా ఇచ్చి రావడమే. పని ఎదురుగా కూర్చుని చేయించుకోవాలి, లేదా తెలిసినవాళ్ల చేత ఇంట్లోనే చేయించుకోవాలి. 2016కు ముందు బిట్‌కాయిన్ కోర్‌లో తీసిన బ్యాకప్‌కు ఒక పరిమితి ఉంది. అప్పట్లో కీలు వంద చొప్పున ముందే తయారై ఉండేవి, అవి అయిపోయాక పుట్టిన కీలు పాత బ్యాకప్‌లో ఉండవు.

పదాలు పోగొట్టుకున్నానని ఎక్కడైనా రాస్తే టెలిగ్రామ్‌లో సాయం చేస్తామంటూ మెసేజీలు వస్తాయి. పదాలు అడిగినవాళ్లంతా దొంగలే, ఇందులో మినహాయింపు లేదు. సీడ్ బయటపడిందనిపిస్తే, ముందు కొత్త సీడ్ తయారు చేసి, విలువ ఎక్కువ ఉన్నవి మొదట పంపేయండి. డబ్బు పోయాక వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. దొంగ దాన్ని ఎక్స్ఛేంజ్‌కు పంపితే ఆపించే అవకాశం ఉంటుంది, గంటలు గడిచేకొద్దీ అది తగ్గుతుంది.

ఇంట్లోవాళ్ల కోసం

పిల్లలు డల్లాస్‌లో, అమ్మానాన్న కూకట్‌పల్లిలో ఉన్న ఇళ్లు ఇక్కడ ఎన్నో. మీకేమైనా అయితే రికవరీ చేయాల్సింది క్రిప్టో ఎప్పుడూ ముట్టని మీ ఆవిడో, తమ్ముడో. వాళ్లకు ఒక ఉత్తరం రాసిపెట్టండి. అందులో పదాలు ఉండకూడదు. రేకు ఎక్కడుంది, పాస్‌ఫ్రేజ్ ఉందా, ఉంటే అది ఎవరి దగ్గరుంది, ఏ వాలెట్ కొనాలి, ఎవరిని నమ్మి అడగొచ్చు, పదాలను ఏ వెబ్‌సైట్‌లోనూ కొట్టొద్దు, ఇవి చాలు. విల్లులో సీడ్ రాయొద్దు, అది చాలామంది చేతులు మారే కాగితం. ఒక ఆదివారం వాళ్ల చేతే చిన్న వాలెట్ ఒకటి చెరిపించి, మళ్లీ తెప్పించి చూడండి. ఉత్తరంలో ఎక్కడ తడబడ్డారో అక్కడ ఇంకో రెండు వాక్యాలు చేర్చండి.

ఉత్తరంతో పాటు కొన్న తేదీలు, కొన్న ధరల లెక్క కూడా ఒక ప్రతి పెట్టండి. 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం పన్ను ఉంది, కొన్న ధర తప్ప మరే ఖర్చూ తీసేయనివ్వరు. ఎక్స్ఛేంజ్ మూతపడితే ఆ లెక్కలు మళ్లీ దొరకడం కష్టం, స్టేట్‌మెంట్లు ఇప్పుడే డౌన్‌లోడ్ చేసి ఉంచుకోండి.